కట్ట కింది ఊట

మా చెరువు కమిటీ రిజిస్టరులో ఏడో షరతు నా చేతిరాతే. "చెరువు కట్ట మీద గానీ, కట్ట లోపల గానీ ఉన్న ఏ ప్రాణినీ ఎవరూ ముట్టకూడదు, పొగ పెట్టకూడదు, తవ్వి తీయకూడదు." మిగతా షరతులన్నీ అందరూ కూర్చుని, అరుచుకుని, చాయ్ తాగి, మళ్లీ అరుచుకుని రాసుకున్నవి. ఏడోది మాత్రం నేనొక్కదాన్నే పట్టుబట్టి రాయించాను. రాయించడమేమిటి, పెన్ను లాక్కుని నేనే రాశాను. ఆ తర్వాత చాలా రోజులు ఊళ్లో నన్ను చూసినవాళ్లు "ఏడో నంబరక్క వస్తున్నది" అని నవ్వేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే లోపల గర్వంగానే ఉండేది.

మా ఊరు పెద్దవంగర దాటి లోపలికి పోతే గుట్టల కింద ఉంటుంది. చెరువు కట్టకు ఒక కొసన మత్తడి. చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లి వాగులోకి పోయే రాతికట్టు అది. ఆ పక్కన ఎత్తు మీద మా ఊరు. రెండో కొసన తూము, తూము కింద వరి మళ్లు, ఆ మళ్ల అంచున, కట్ట నీడ పడేంత దగ్గరగా, తండా. తండాలో అన్ని ఇండ్లకంటే కట్టకు దగ్గరగా ఉన్నది నా స్నేహితురాలి ఇల్లు. పత్తి ఏరడానికి కలిసి కూలికి పోయిన రోజుల నుంచి ఆమె నాకు చెల్లెలి లెక్క. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుతుంది, నాతో తెలుగు, నన్ను తిట్టాలనుకున్నప్పుడు మళ్లీ వాళ్ల భాష. ఆ తిట్లలో సగం నాకూ వచ్చేశాయి. ఆమె అత్త తుంటి ఎముక విరిగి మంచానికి అంటుకుపోయింది. ఆ ముసలామెను లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా ఇద్దరు మనుషులు కావాలి.

కమిటీ ఊరికే పుట్టలేదు. గుట్టల మీంచి అడవి పందులు దిగి మక్కచేలను ఆగం చేస్తుంటే, రైతులు చేను చుట్టూ తీగ చుట్టి కరెంటు ఇచ్చేవారు. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అలాంటి తీగ మీద ఒకరోజు తెల్లవారుతుండగా నా స్నేహితురాలి మరిది పడ్డాడు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పోయాడు. చేను మా ఊరి పెద్ద రైతుది, చచ్చింది తండా మనిషి. ఆ వారమంతా రెండు పక్కలవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా నడిచారు. ఇంకొక్క మాట జారితే కొట్టుకు చచ్చేవాళ్లమే. ఊరివాళ్లు, తండావాళ్లు, గొర్ల మందలవాళ్లు బడి ముందర ఒక్కచోట కూర్చున్నది ఆ భయంతోనే గానీ, చెట్టూ పిట్టా మీద ప్రేమతో కాదు.

అక్కడ రాసుకున్నవే షరతులు. ఎవరూ తీగ పెట్టకూడదు. చేలను వంతులవారీగా కాయాలి, ఊరి చేనుకు తండావాళ్లు, తండా చేనుకు ఊరివాళ్లు. గుట్ట నుంచి చెరువు దాకా ఒక బాట వెడల్పున ఏ పంటా వేయకుండా వదిలేయాలి, అడవి జంతువులు నీళ్లకు ఆ దారినే దిగాలి. పూడిక తీసినా చెరువు నడుమ తుమ్మలను ముట్టకూడదు, కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. చేపలు గుడ్లు పెట్టే నెలలో వల వేయకూడదు. మందలు కట్ట ఎక్కకూడదు. ఇవి ఆరు. నమ్మరు గానీ, ఆరూ నిలబడ్డాయి. మొదటి ఏడాదే పందులు ఆ బాటకు అలవాటు పడ్డాయి. పడని పందులను వంతు కావలివాళ్లు డబ్బాలు కొట్టి మళ్లించారు.

ఏడోదానికి కారణం ఒక ఏదుపంది. నేను పుట్టింది గంగారం అడవి పక్కన, మెట్టింది ఇక్కడ. చిన్నప్పుడు మా బాపుతో తునికాకుకు పోతే దారిలో దొరికిన ఏదుముళ్లు జడలో పెట్టుకునేదాన్ని. అలాంటిది, కమిటీ పెట్టిన ఎండాకాలం, మాంసం కోసం ఎవరో కట్టలో ఏదు బొరియకు నిప్పు పెట్టారు. నేను పొలం పోతుంటే తల్లి ఏదు ఒళ్లంతా కాలి బయటికి వచ్చి, కట్ట మీద నాలుగడుగులు నడిచి పడిపోయింది. దాని వెనక పిల్ల రాలేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ సాయంత్రం మీటింగులో పెన్ను లాక్కున్నాను.

ఇక్కడ మా నీరటి తాత సంగతి చెప్పాలి. చెరువు తూము తెరిచేది, మూసేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసేది నీరటి. తాత తండ్రి నీరటి, తాత తాత కూడా నీరటే. ఏటా వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ముందర ఆయనకు ఒక పని ఉండేది. చెప్పులు విడిచి కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాడు. నాలుగడుగులకోసారి గడ్డపార మొదలుతో నేలను గుద్ది చెవి వంచి వినేవాడు. గట్టిగా పలికితే ముందుకు పోయేవాడు. డొల్లగా పలికితే అక్కడ ఒక రాయి పెట్టేవాడు. మరునాడు రాళ్లు పెట్టిన చోటల్లా బొరియ వెతికి, పిడకలూ మిరపకాయలూ వేసి పొగ పెట్టేవాడు. లోపలున్నది ఏదుపందైనా, ఉడుమైనా, రెండో నోటి నుంచి బయటపడి గుట్ట వైపు పోయేది. ఖాళీ అయిందని నమ్మకం కుదిరాక బంకమట్టి కూరి, బర్రెలతో తొక్కించేవాడు. ఆ పని చేస్తుంటే ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

నా ఏడో షరతు చదవగానే తాత లేచి నిలబడ్డాడు.

"నేను సంపుతున్ననా బిడ్డా? ఎల్లగొడుతున్న. సంపినోడు వేరే, నేను వేరే."

"పొగ పెట్టినోడు ఎవడైనా ఒక్కటే తాతా" అన్నాను.

"కట్ట డొల్లయితది."

"ఇన్నేండ్ల నుంచి లేనిది ఇప్పుడే అయితదా?"

"ఇన్నేండ్ల నుంచి నేను పూడుస్తున్న గదా, అందుకే కాలే" అన్నాడు. జనం నవ్వారు. ఆయన జోక్ చేశాడనుకున్నారు. నేనూ నవ్వాను, ఆయన్ను ఓడించడానికి. ఇంత వయసు మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశానని ఆ పూట నాకు తోచలేదు. తాత కండువా దులిపి భుజాన వేసుకుని, "ఇగ కట్ట మీది, కట్టకున్న రంధ్రం మీది" అని వెళ్లిపోయాడు. తూము పని కొడుక్కు అప్పగించాడు. ఆ కొడుక్కు తూము తిప్పడం వచ్చు, కట్టను వినడం రాదు.

తర్వాత రెండేళ్లు మాకు మంచిరోజులే. కట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. తుమ్మల మీద కొంగలు తెల్లగా వాలేవి. భూపాలపల్లి వైపు నుంచి రైతులు మా చెరువు చూడ్డానికి ఆటోల్లో వచ్చారు. అడవి మొదట్లో ఉండే వాళ్లకు మేం చెప్పేదేమిటా అనుకున్నాను గానీ, వాళ్లు కావలి వంతుల సంగతి గుచ్చి గుచ్చి అడిగి రాసుకున్నారు. జనగామలో ఒక మీటింగుకు నన్ను పిలిచి మైకు ఇచ్చారు. ఏడో షరతు చెప్పగానే చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మా ఆయనకు ఆ ముచ్చట మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెడితే ఆయన దుప్పటి కప్పుకున్నాడు.

అయితే ఆ రెండేళ్లూ కట్టలో పని జరుగుతూనే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున పోతే కట్ట వాలు మీద కొత్తమట్టి కుప్పలు కనిపించేవి. ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. బడి పిల్లలు ఏదుముళ్లు ఏరుకుని బొత్తులు కట్టుకునేవారు. ఇన్ని ముళ్లు రాలాయంటే లోపల ఎన్ని ఉండాలి? ఆ ప్రశ్న నాకు రాలేదని చెప్పను. వచ్చింది. సంతోషపడి ఊరుకున్నాను.

మూడో ఏడు వానలు తొందరగా పడ్డాయి. చెరువు సగానికి పైన నిండింది. ఒక పొద్దున మడికి పోతూ, తూముకు కొంచెం ఇవతల, కట్ట అడుగున, గడ్డి మొదళ్ల దగ్గర నేల తడిగా ఉండటం చూశాను. వానతడి అనుకున్నాను. మరునాడు వాన లేదు, తడి ఉంది. మూడోనాడు అక్కడ బొటనవేలంత ఊట, మెల్లగా పైకి లేస్తూ, పక్కకు జారుతూ. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి.

తాత ఎప్పుడో చెప్పిన మాట గుర్తుంది. తేట ఊటకు భయం లేదు, నీళ్లే వస్తున్నాయని అర్థం. ఎర్రగా వచ్చిందంటే మట్టి కూడా వస్తోంది, కట్ట లోపల నుంచి కరిగిపోతోంది, ఆ రోజు ఉరకాల్సిందే. అందుకని నేను రోజూ ఒక స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని పోయేదాన్ని. ఊట దగ్గర వంగి గ్లాసు నింపి, వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని. తేట. పారబోసి మడికి పోయేదాన్ని. తండా ఆడవాళ్లు ఊట చూసి సంతోషించారు. చెరువులోకి దిగకుండా గిన్నెలు తోముకోవడానికి వాకిలి ముందరే నీళ్లు దొరికాయి మరి. వసారాలో మంచం మీంచి ముసలామె చేయి ఊపేది. నేనూ ఊపేదాన్ని. పదకొండు రోజులు అలా గడిచాయి.

ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగకముందే నాకు నేనే వెయ్యిసార్లు వేసుకున్నాను. జవాబు ఉంది. ఆ పెద్ద రైతు, ఎవరి తీగ మీద మనిషి చచ్చాడో ఆయన, అప్పటికే షరతులన్నీ తీసేయాలని తిరుగుతున్నాడు. "ఏదుపందులకు కట్ట ఇచ్చిన్రు, అడవి పందులకు బాట ఇచ్చిన్రు, ఇగ మేం ఏడికి పోవాలె?" అని చాయ్ హోటల్ దగ్గర అంటున్నాడు. వచ్చే సోమవారం మీటింగు. కట్ట ఊరుతోందని నేను నోరు విప్పితే ఏడో షరతు ఒక్కటే పోదు, రిజిస్టరు మొత్తం చింపుతారు. తీగలు మళ్లీ వస్తాయి. మళ్లీ ఎవరో మేకను వెతుక్కుంటూ పోతారు. మీటింగు అయిపోనీ, అప్పుడు మెల్లగా చెబుదామనుకున్నాను. ఆ మీటింగు కూడా ముసురు వల్ల వాయిదా పడింది. ఇదీ నేను నాకు చెప్పుకున్న కథ. అందులో అబద్ధం లేదు. కానీ నా పేరు పోతుందన్న భయం కూడా అంతే ఉంది, దాన్ని మాత్రం పైకి రానివ్వలేదు.

ఏడో రోజు తాత ఇంటి దాకా పోయాను. అరుగు మీద కూర్చుని నులక పేనుతున్నాడు. కంటిచూపు తగ్గింది, నా గొంతు విని గుర్తుపట్టాడు. ఆరోగ్యం అడిగాను. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. ఆయన కోడలు నీళ్లిచ్చింది. అడగడానికే పోయాను, మాట నాలుక చివర ఉంది.

నులక ఆపి ఆయనే అడిగాడు. "కట్ట ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది తాతా" అన్నాను.

ఆయన తలాడించి మళ్లీ పేనుకున్నాడు. నేను లేచి వచ్చేశాను. జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను గానీ ఇంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది ఇంకొకటి లేదు.

ఎనిమిదో రోజు ముసురు పట్టింది. సన్నగా మొదలై, ఆగకుండా, రోజు రోజుకూ బలమెక్కింది. గుట్టల మీంచి వాగులు ఎర్రగా దిగాయి. పదకొండో రోజు పొద్దున ఊట నా మణికట్టంత లావయింది. గ్లాసులో నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి, అయితే అడుగున ఇసుక రేణువులు నాలుగు తిరిగాయి. నేను గ్లాసు తిప్పి తిప్పి చూశాను. వాన చినుకులకు కొట్టుకొచ్చిన ఇసుక అని నాకు నేనే చెప్పుకున్నాను. ముసలామె చేయి ఊపింది. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి తడిబట్టలు మార్చుకునేసరికి ఊరంతా కేకలు. మత్తడి దుంకింది. ఎన్నో ఏండ్లకు చెరువు నిండి పొర్లింది. మా దగ్గర మత్తడి దుంకితే అది పండుగే. ఆడవాళ్లు పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు పట్టుకుని వచ్చారు. మగవాళ్లు ఎదురెక్కే చేపల కోసం గంపలు తెచ్చారు. గొడుగుల కింద ఫోన్లు పట్టుకుని వీడియోలు. పెద్ద రైతు కూడా ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడి నవ్వుతున్నాడు. ఎవరో నా చేయి పట్టి లాగారు. "ఏడో నంబరక్కా, రా, ఫోటో దిగుదాం. నీ చెరువు నిండింది." నేను నవ్వు ముఖం పెట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ ఊరి గ్రూపులో ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, నేను కట్ట రెండో కొస వైపు చూస్తున్నాను.

యూరియా బస్తా తలకు కప్పుకుని కట్ట మీదుగా నడిచాను. సగం దూరం పోయేసరికి వెనక కేరింతలు వానలో కలిసిపోయాయి. నా కాళ్ల కింద నేల గట్టిగానే ఉన్నట్టుంది. చెప్పులు విడిచాను. అప్పుడు తెలిసింది, చెప్పులతో ఇన్ని రోజులు తెలియనిది. అరికాలి కింద నేల సన్నగా అదురుతోంది.

ఊట దగ్గరికి జారుకుంటూ దిగి గ్లాసు ముంచాను. చాయ్ రంగులో వచ్చింది.

ఆ తర్వాత నేను అరిచిన అరుపు నాకు గుర్తులేదు, గొంతు వారం దాకా రాలేదు కాబట్టి గట్టిగానే అరిచి ఉంటాను. నా స్నేహితురాలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. కట్ట పోతోందన్నాను. ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. రొట్టె పెనం మీదే వదిలేసి వాళ్ల భాషలో తండా అంతటికీ కేక వేసింది. పిల్లలూ, మేకలూ, మూటలూ మడిగట్ల మీదుగా ఎగువ దిబ్బ వైపు పరుగులు పెట్టారు. నలుగురు ముసలామెను మంచంతో సహా ఎత్తుకున్నారు. వానలో, బురదలో, ఆ మంచం ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు ఒరుగుతూ పోయింది.

మత్తడి దగ్గరి జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఉరికొచ్చారు. గడ్డిమోపులు, ఇసుక బస్తాలు, ఎవరి చేతికి దొరికింది వాళ్లు. ఎవరో తాతను బండి మీద ఎక్కించుకొచ్చారు. ఆయన కట్ట మీద పాదం ఆనించి కాసేపు నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"బస్తాలు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. "లోపలంత ఖాళీ అయింది. ఇగ కట్టను కాదు, మనుషులను చూసుకోండ్రి."

మేం దిబ్బ ఎక్కి చూస్తుండగా కట్ట నడ్డి మెల్లగా, చప్పుడు లేకుండా కుంగింది. దాని మీద ఉన్న వేపచెట్టు నిలబడ్డది నిలబడ్డట్టే కిందికి దిగింది. అప్పుడు వచ్చింది చప్పుడు. నా స్నేహితురాలు కట్టేసి ఉన్న బర్రెల కోసం వెనక్కి ఉరికింది. నేను వెంటబడి జుట్టు పట్టి లాగి బురదలో పడేసి, మీద కూర్చున్నాను. ఆమె నా చెంప మీద కొట్టింది, తనకు వచ్చిన తిట్లన్నీ తిట్టింది. మా కళ్ల ముందరే ఆమె ఇల్లు నీళ్లలోకి పోయింది. ఆ వెనక ఇంకో ఎనిమిది ఇండ్లు. మనుషులెవరూ పోలేదు. అందరూ దండాలు పెట్టుకుంటూ అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. కట్టలోని ఏదులు ఏమయ్యాయో నాకు తెలియదు, ఆ రోజు వాటి గురించి ఆలోచించలేదు.

తండావాళ్లను బడిలో ఉంచారు. ముసలామె వానలో నానింది. బడి వసారాలో ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. దవాఖానకు తీసుకుపోదామంటే దారులన్నీ తెగిపోయి ఉన్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది. వయసు అయిపోయిందన్నారు కొందరు. నా స్నేహితురాలు అత్త కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను బడి గేటు దాకా పోయి లోపలికి పోలేక తిరిగి వచ్చాను.

వానలు వెలిసి దారులు పడ్డాక మీటింగు పెట్టారు, అదే బడి ముందర. నేను ఈసారి నిలబడి చెప్పాను. ఊట మొదటి రోజే చూశానని, పదకొండు రోజులు రోజూ గ్లాసు పట్టుకుని పోయి చూశానని, ఎవరికీ చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. తిట్లకు సిద్ధపడి తల వంచుకుని నిలబడ్డాను. కొడితే కొట్టనీ అనుకున్నాను.

ఎవరూ కొట్టలేదు. పెద్ద రైతే ముందు మాట్లాడాడు. "వాన గట్ల పడ్డది, నువ్వేం జేస్తవు? చుట్టు ఎన్ని చెరువులు తెగినయ్!" అన్నాడు. మా ఊరివాళ్లు తలలు ఊపారు. మా ఇండ్లు ఎత్తు మీద ఉన్నాయి, ఊపడం మాకు సులువే. తాత మాత్రం నేల చూస్తూ, "మా ఇంటి దాక వచ్చినవ్ గదా బిడ్డా" అన్నాడు. ఏడో షరతు కొట్టేశారు. కట్టను మళ్లీ పోశాక తాత తన కొడుకుకూ, తండావాళ్లిద్దరికీ కట్టను వినే నడక నేర్పాలని రాశారు. మళ్లీ తీగలు పెట్టుకుందామని ఎవరో అన్నారు, పెద్ద రైతు కూడా తీగలు వద్దన్నాడు. మిగతా ఆరు షరతులకూ చేతులు లేచాయి. నేను ఏది పోతుందని భయపడి పదకొండు రోజులు నోరు మూసుకున్నానో, అది నిక్షేపంగా ఉంది. చెప్పి ఉంటే మొదటి రోజు కూడా ఇలాగే ఉండేదేమో.

జనం లేచిపోయారు. నా స్నేహితురాలు మాత్రం కూర్చున్న చాప దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు నా చెంప మీద కొట్టిన తర్వాత మేమిద్దరం ఎదురుపడటం అదే మొదలు. నేను దగ్గరికి పోయి, "చెల్లే, తిట్టు నన్ను, నీ భాషలోనే తిట్టు" అన్నాను. ఆమె చాప చుట్టుకుంటోంది. చుట్టడం ఆపకుండా తెలుగులోనే మాట్లాడింది, గొంతులో కోపం కూడా లేదు.

"ఊట మేం సుత చూసినం అక్కా. మొదలు రోజే నాకు భయమైంది. బట్టలు మూట గట్టిన, మా అత్తను ఎత్తుకొని నాలుగు దినాలు బడిల ఉందామని. మా అత్తనే వద్దన్నది. 'అక్క రోజు వచ్చి చూసి పోతున్నది, భయముంటే చెప్పదా?' అన్నది. గట్టిన మూట ఇప్పిన."